ఐసు షెడ్డుకు నేను పెట్టించిన కిటికీలు

ఈమధ్య ప్రొద్దుటూరులో ఒక సభకు పిలిచి నాకు శాలువా కప్పారు. నాకంటే ముందు మాట్లాడిన పీఈటీ ఒకడు, ఇంకా మీసాలు కూడా సరిగ్గా రాని కుర్రాడు, మన ప్రాంతంలో ఆడపిల్లలకు కప్పున్న ఆటల హాలు అనేది ఏనాడూ లేదని చాలా బాధగా చెప్పాడు. నా వంతు వచ్చింది. ఉండేది నాయనా, దాన్ని సగం చెడగొట్టింది నేనే, అన్నాను. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. ముసలామె ఏదో హాస్యానికి అంటోంది అనుకున్నారు. ఇంటికొచ్చాక కూడా ఆ చప్పట్లకు నాకు ఒళ్లు మండుతూనే ఉంది. అందుకని ఇది రాస్తున్నాను. మీలో ఆటలు నేర్పే ఉద్యోగంలో ఉన్నవాళ్లు చదవండి, మిగతావాళ్లు మీ ఇష్టం.

నేను డ్రిల్లు టీచరును. పుట్టింది జమ్మలమడుగులో. మా నాయన బడిపంతులు. ఆడపిల్లను మద్రాసుకు పంపి డ్రిల్లు ట్రైనింగ్ చదివించాడని ఆయన్ను ఊళ్లో నానా మాటలూ అన్నారు. ఆయన వినిపించుకునే రకం కాదు. నాకు ఆయన పోలికే వచ్చిందని మా అమ్మ తిట్టేది. నేను ట్రైనింగ్ ముగించి వచ్చేసరికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, కర్నూలు రాజధాని అయింది. ప్రొద్దుటూరు ఆడపిల్లల బడిలో ఉద్యోగం ఇచ్చారు.

ఆ బడి ఒక బజారు వీధిలో అద్దె మిద్దె. కింద బట్టల అంగళ్లు, పైన మేము. ఆటస్థలం మాట అటుంచండి, వసారాలో డ్రిల్లు చేయిస్తే పిల్లలు చేతులు పైకెత్తినప్పుడల్లా దూలాలకు తగిలేవి. హెడ్మిస్ట్రెస్ గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి. మంచిదే గాని, దేనికైనా భయపడేది. నా టైంటేబుల్లో ఆటల గంట దగ్గర కుట్టుపని అని రాసి, ప్రస్తుతానికి ఇలా కానివ్వమ్మా అంది. మూడు నెలలు రుమాళ్ల మీద చిలకలు కుట్టించాను. చిలకలు కుట్టించడానికా మా నాయన అన్ని మాటలు పడింది?

అప్పుడు కనబడింది ఐసు షెడ్డు. ఊరి చివర, వేరుశనగ మిల్లులున్న వైపు, ఒక పెద్ద పొడుగాటి కట్టడం. యుద్ధానికి ముందు ఎవరో షావుకారు దాన్ని ఐసు ఫ్యాక్టరీగా కట్టించాడు. సోడా అంగళ్లకూ పెండ్లిళ్లకూ అక్కడి నుంచి పొట్టులో చుట్టిన ఐసు దిమ్మెలు బండ్ల మీద పోయేవట. యుద్ధకాలంలో మిషన్లకు సామాను దొరక్క మూతపడింది. మిషన్లు ఎవరో పట్టుకుపోయారు, షెడ్డు తిరిగి తిరిగి మున్సిపాలిటీ చేతికొచ్చింది. ఐసు గుంతలు పూడ్చి, పైన బండలు పరిచి, కొన్నాళ్లు ఎలక్షను పెట్టెలు పెట్టారు, కొన్నాళ్లు పాత దీపస్తంభాలు పడేశారు. చివరికి గబ్బిలాలకు వదిలేశారు.

ఫ్యాక్టరీ నడిచిన రోజుల నుంచీ అక్కడే కాపలా ఉన్న ఒక సాయిబు తాత ఉండేవాడు. నేను మొదటిసారి పోయింది నడి వేసవిలో. తలుపు తీసి లోపలికి రమ్మన్నాడు. బయట కాళ్లు కాలిపోతుంటే లోపల చల్లగా ఉంది. ఎట్లా అని అడిగితే గోడ మీద అరచేత్తో తట్టి చూపించాడు. అది ఒక గోడ కాదు, రెండు గోడలు. మధ్యలో మూరెడు సందు, ఆ సందు నిండా వడ్ల ఊక. ఐసు కరక్కుండా అలా కట్టారు. కిటికీ అనేది ఒక్కటీ లేదు. కప్పు దగ్గర రెండు అద్దపు పెంకుల్లోంచి కాస్త వెలుతురు పడేది. లోపల మేం ఏం చేసినా వీధిలో పోయే పురుగుకు కూడా తెలియదు. అదే నాకు నచ్చింది.

ఆ రాత్రికి రాత్రే అర్జీ రాశాను. "ఆడపిల్లలు బయలున ఆడుట ఈ ఊరి మర్యాదకు సరిపడదు గనుక, నాలుగు ప్రక్కల గోడలు గల ఈ షెడ్డును బాలికల ఆటలకు దయచేయవలెను" అని. ఆ వాక్యం చూసుకుని నాకే ముచ్చటేసింది. మున్సిపల్ కౌన్సిల్లో ఎవరూ దానికి అడ్డు చెప్పలేరని తెలుసు. చెప్పలేదు కూడా. నెల తిరక్కుండా తాళంచెవి నా చేతికొచ్చింది.

మేం ఆడిన ఆట టెన్నికాయిట్. ఆ పేరు పిల్లల నోట తిరగక రింగాట అనేవాళ్లు. ఇప్పటి పిల్లల్లో ఎందరికి తెలుసో నాకు తెలియదు గనుక ఒక్క మాట చెప్తాను. రబ్బరు రింగును నెట్టు మీదుగా అవతలికి విసరాలి, అవతలి పిల్ల దాన్ని కింద పడకుండా ఒంటి చేత్తో పట్టి, పట్టిన చేత్తోనే వెంటనే తిప్పి విసరాలి. రెండో చెయ్యి తగిలిందా, పాయింటు పోయినట్టే. ఓణీలు నడుముకు బిగించి, జడలు పైకి ముడేసి ఆడేవాళ్లు. మొదట్లో ఆరుగురు వచ్చారు. ఏడాది తిరిగేసరికి ముప్పై మంది అయ్యారు. బజారులో తల ఎత్తకుండా నడిచే పిల్లలు ఆ తలుపు మూసుకోగానే కేకలు పెట్టేవాళ్లు. ఆ కేకలు ఊక గోడల్లోనే ఆగిపోయేవి. సాయిబు తాత తలుపు బయట స్టూలేసుకుని కూర్చుని, అటు వచ్చిన మగపిల్లలను కర్రతో అదిలించేవాడు.

వాళ్లలో ఒక కంసాలి పిల్ల ఉండేది. నగల బజారులో వాళ్ల నాయన దుకాణం. సన్నగా, పొడుగ్గా, మాట కూడా పెద్దగా రాని పిల్ల. రింగు మాత్రం ఆమె చేతిలోకి తనంతట తానే వచ్చేది. నేను మద్రాసులో ట్రైనింగ్ చేసినప్పుడు చూసిన వాళ్లలో కూడా అలా పట్టేవాళ్లు ఒకరో ఇద్దరో. నేను ఎంత మూలకు విసిరినా అక్కడికి ఆమె చెయ్యి నాకంటే ముందే పోయి ఉండేది. జిల్లా పోటీలకు, ఆ పైన రాష్ట్రం పోటీలకు ఈ పిల్లను తీసుకుపోవాలని నేను లోలోపల పెద్ద కోటలే కట్టుకున్నాను. ఆమె ఆట ఆగిపోవడం అంటే నాకు నా ఉద్యోగం ఆగిపోయినట్టే ఉండేది. ఇక మీదట చెప్పేదంతా ఆ పిల్ల ఆట గురించే.

కిటికీల సంగతి ఇది. లోపల చల్లదనం ఉంది గాని వెలుతురు లేదు. మబ్బు పట్టిన ఒక సాయంత్రం రింగు కనబడక ఒక పిల్ల ముక్కు మీద తగిలి నెత్తురు కారింది. మర్నాడే ఇంకో అర్జీ పెట్టాను, షెడ్డుకు కిటికీలు కావాలని. సాయిబు తాత విని, "గోడల జోలికి పోవద్దు బిడ్డా. అద్దపు పెంకులు ఇంగ నాలుగు ఏపిచ్చుకో, సాలు" అన్నాడు. నేను మద్రాసులో జిమ్నాషియం చూసి వచ్చినదాన్ని. అక్కడ గోడల నిండా కిటికీలే. ఐసు దిమ్మెలు కాచిన ముసలాయనకు వెంటిలేషన్ గురించి ఏం తెలుసు అనుకున్నాను. ఆయన మాట పైకి తీసెయ్యలేదు గాని, లోపల తీసేశాను.

మున్సిపాలిటీ ఓవర్సీరు పనిమంతుడు. పండగ సెలవులకు నేను జమ్మలమడుగు పోయి వచ్చేలోగా పని ముగించాడు. వచ్చి చూస్తే షెడ్డుకు ఇరుపక్కలా వరసగా పెద్ద పెద్ద కిటికీలు. బయట నిలబడిన మనిషి మోచేతులు ఆనించుకోవడానికి సరిగ్గా సరిపోయే ఎత్తులో. మద్రాసు జిమ్నాషియంలో కిటికీలు ఎక్కడో కప్పు దగ్గర ఉండేవి, మనిషి తలకు అందనంత పైన. వాటిని వందసార్లు చూసిన నేను, అవి అంత పైన ఎందుకున్నాయో ఒక్కసారి కూడా అనుకోలేదు. అర్జీలో కిటికీలు అని రాశానే గాని ఎంత ఎత్తులో అని రాయలేదు. ఓవర్సీరు తల గోక్కుంటూ, "బడి గదులకు పెట్టే డ్రాయింగు ప్రకారమే పెట్టినా మేడమ్" అన్నాడు. ఆయన్ను ఏమని అంటాను? తప్పు ఆయనది కాదు.

గోడలు కోసిన చోటల్లా ఊక బయటికి కారింది. అడుగు ఊక పోతే పైనుంచి ఇంకో అడుగు జారేది. వారం రోజుల పాటు షెడ్డు చుట్టూ ఊక కుప్పలు. చుట్టుపక్కల ఆడవాళ్లు పొయ్యిలోకని గంపలతో ఎత్తుకుపోయారు. సాయిబు తాత మాత్రం ఆ కుప్పల పక్కన కూర్చుని నా వైపు చూసేవాడు. తిట్టినా బాగుండేది. చల్లదనం ఊకతోనే పోయింది, ఎండాకాలం రేకుల కింద ఉన్నట్టే అయింది.

చల్లదనం పోతే పోయింది. కిటికీల దగ్గరికి జనం వచ్చారు. మొదట మిల్లు గుమాస్తాలు ఇద్దరు, తర్వాత కాలేజీ చదువు మానేసి తిరిగేవాళ్లు, తర్వాత బీడీలు కాల్చుకోవడానికి చోటు వెతుక్కునే ప్రతివాడూ. మోచేతులు ఆనించుకుని తీరిగ్గా చూసేవాళ్లు, పేర్లు పెట్టేవాళ్లు. తడికలు కట్టించాను. తడికలకు బొక్కలు పడ్డాయి. గోనెలు వేలాడదీశాను. గోనెలు ఎత్తి చూశారు. ఒకవైపు కర్రతో తాత, ఇంకోవైపు ఈలతో నేను పరిగెత్తేవాళ్లం. పిల్లలు నోరు మూసుకుని ఆడడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఒక్కొక్కరే రావడం మానుకున్నారు. చివరికి మిగిలింది నలుగురు.

కంసాలి పిల్లా మానేసింది. నేను వాళ్లింటికి పోయాను. వాళ్లమ్మ పీట వేసి, మజ్జిగ ఇచ్చి, తన పని తను చేసుకుంటూనే సమాధానం చెప్పింది. "నా కూతురు ఆడితే నాకేం కష్టం టీచరమ్మా? ఆడతాంటే సూసేటోళ్లతోనే కష్టం. వాళ్ల నాయిన దుకాణం కాడికొచ్చి మీ పాప బాగా ఆడతాంది అంటాండారంట, నవ్వుకుంటా. ముందు మాదిరి గోడలుండనీ, నేనే తోలుకొచ్చి ఇడిచిపెడతా." ఆ పిల్ల వంటింటి వాకిలి పక్కన నిలబడి మమ్మల్నిద్దరినీ చూసింది. నేను ఆ కిటికీలు మూయించే దాకా నిద్రపోనని మనసులో ఒట్టు పెట్టుకుని బయటికొచ్చాను.

మున్సిపల్ ఛైర్మన్ గారి దగ్గరికి పోయాను. ఆయన భూములున్న ఇంటి మనిషి, పాతకాలపు పెద్దరికం. చెడ్డవాడేం కాదు. కిటికీలు మూయించండి అని అడిగితే, వద్దులే అన్నాడు. ఆ ఏడు వేరుశనగ పంట విరగబడి పండింది, సరుకు పెట్టుకోవడానికి చోటు లేక వ్యాపారులు ఆయన్ను వేధిస్తున్నారు, షెడ్డు వాళ్లకిచ్చేస్తూ కౌన్సిల్లో తీర్మానం కూడా అయిపోయింది. ఆటలు ఆడే పిల్లలే లేరు గదా, ఖాళీగా ఉంచి ఏం లాభం అన్నాడు. నేను గట్టిగా మాట్లాడాను. ఆయన గుమాస్తాను పిలిచి ఒక ఫైలు తెప్పించాడు. అందులో నా మొదటి అర్జీ ఉంది.

"ఇది నీ సేతిరాతే గదా టీచరమ్మా? ఆడపిల్లలు బయలున ఆడితే మర్యాద గాదని నువ్వే రాసినావు. లోపల ఆడతామంటే కిటికీలుండాయని నువ్వే అంటాండావు. బయటా వద్దు, లోపలా వద్దు. ఇంగ ఆడేది యాడ?"

వెక్కిరింతగా అనలేదు. నిజంగానే అడిగాడు. మెట్లు దిగుతుంటే చెంపలు మండిపోయాయి. ఆయన మీద కోపం ఒక వంతైతే నా మీద నాకు మూడు వంతులు. ఆడపిల్లకు గోడలుంటేనే ఆట అని ఊరివాళ్లు అనలేదు. నేనే అన్నాను, అర్జీ రాసి, కింద సంతకం పెట్టి. షెడ్డు దొరుకుతుందని అన్నాను, దొరికింది కూడా. దాన్ని వాళ్లు ఊరికే నమ్మారు. ఇప్పటికీ మీలో కొందరు అర్జీలు రాసేటప్పుడు ఇలాంటి తెలివే చూపిస్తుంటారు. అవతలివాళ్లకు నచ్చే కారణం చూపి మన పని చేసుకుందామనుకుంటారు. ఆ కారణం కాగితం మీద బతికే ఉంటుంది, జాగ్రత్త.

ఇదంతా జరగక ముందే జమ్మలమడుగు పిల్లలతో, పులివెందుల పిల్లలతో మాకు పోటీ ఖాయమై ఉంది. ఉత్తరాలు పోయాయి, ఒప్పుకుంటూ జవాబులు వచ్చాయి. నెలాఖరు దాకా తాళంచెవి నా దగ్గరే ఉంటుందని ఛైర్మన్ గారు మాటిచ్చారు గనుక పోటీ ఆపలేదు. ముందురోజు సాయంత్రం హెడ్మిస్ట్రెస్ నన్ను పిలిచి, పోటీ అవసరమా అని అడిగింది. అవసరమే అన్నాను. ఆమె తలనొప్పిగా ఉందని మర్నాటికి సెలవుచీటీ రాసి నా చేతికే ఇచ్చి వెళ్లిపోయింది. ఎంత పిరికిది అనుకున్నాను. చాలా రోజుల తర్వాత గాని నాకు వెలగలేదు. ఆమె బడిలో ఉండుంటే, ఆ రోజు జరిగినదాన్ని ఆపక తప్పేది కాదు. ఆపడం ఇష్టం లేక ఇంట్లో కూర్చుంది.

పోటీ రోజు పొద్దున మా నలుగురిని వెంటబెట్టుకుని పోయేసరికి షెడ్డు ముందు ఎద్దులబండ్లు బారులు తీరి ఉన్నాయి. వాన వచ్చేటట్టుందని వ్యాపారులు నెలాఖరు దాకా ఆగలేదు. తాళం పగలగొట్టి లోపల బస్తాలు పేరుస్తున్నారు. సగం షెడ్డు అప్పటికే నిండింది. సాయిబు తాత తన స్టూలు మీదే కూర్చుని ఉన్నాడు. ఒళ్లో మా నెట్టు, రింగులు. వాటి మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. బస్తాలు పడకముందే తెచ్చిపెట్టినా బిడ్డా, అన్నాడు.

అంతలో జమ్మలమడుగు బస్సు వచ్చింది. వాళ్ల టీచరు పరిస్థితి చూసి, మళ్లీ ఎప్పుడైనా పెట్టుకుందాం, మధ్యాహ్నం బస్సుకు వెనక్కి పోతాం అంది. ఆమెను తప్పు పట్టలేను. ఆ వెనకే పులివెందుల పిల్లలు వచ్చారు. ఐదుగురు రైతు పిల్లలు, కాళ్లకు చెప్పుల్లేవు. టీచరు దొరక్క, వాళ్లలో ఒక పిల్ల అవ్వ వాళ్లను పిలుచుకొచ్చింది. ఎర్రంచు చీర గోచీ పోసి కట్టి, చేతిలో సద్దిమూట పట్టుకుని బస్సు దిగింది. ఆట లేదేమోనమ్మా అని నేను నసిగాను. ఎందుకని అడిగింది. హాలు పోయిందని చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు.

"హాలేంది? ఆటను ఇంట్లో పెట్టి ఆడతారా యాడన్నా? మా పిల్లోల్లు కల్లంలో ఆడతారు. కుప్ప నూర్చినంక కల్లం ఖాళీగానే ఉంటాది గదా. ఏమ్మే, మీ ప్రొద్దుటూరు పిల్లోల్లు ఎండకు కరిగిపోతారా?"

పులివెందుల పిల్లలు కిసుక్కుమన్నారు. మా పిల్లలు తలలు వంచుకున్నారు. నాకు మాత్రం ఎవరో వీపు మీద చరిచినట్టయింది. వాళ్లకు షెడ్డు లేదు. వాళ్ల గురించి మర్యాద అని అర్జీ రాసినవాళ్లూ లేరు. నూర్పిడి అయిన కల్లంలో, పేడతో అలికిన నేల మీద, ఊరందరి ముందర ఆడుకుంటున్నారు. మూడేళ్లుగా నేను గోడలు వెతుక్కుంటున్నాను, ఆ గోడలకు కిటికీలు పెట్టించుకుంటున్నాను, మళ్లీ మూయించాలని తిరుగుతున్నాను. నాకు నా మీద నవ్వొచ్చింది, ఆ తర్వాత పట్టుదల వచ్చింది.

షెడ్డు ముందు బండ్లు తిరగడానికి వదిలిన ఖాళీ స్థలం ఉంది. మా నలుగురి వైపు తిరిగి, ఇక్కడ ఆడదామా అని అడిగాను. బలవంతం చెయ్యనని కూడా చెప్పాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో అందరికంటే చిన్నది, "ముగ్గు మేమే పోస్తాం టీచర్" అంది. ఓవర్సీరు అటుగా సైకిలు మీద పోతూ ఆగాడు. సంగతి విని, వెళ్లి గంప నిండా సున్నప్పొడి పట్టించుకొచ్చాడు. కోర్టు గీతలకు తాడు పట్టాల్సిన పని లేకపోయింది. రోజూ వాకిట్లో ముగ్గు పోసే చేతులవి. గీతలు తిన్నగా పడ్డాయి.

నెట్టు కట్టడానికి గుంజలు షెడ్డు నేలలో పాతి ఉన్నాయి, వాటి మీద బస్తాలు పడ్డాయి. బండివాళ్లను అడిగాను. వాళ్లు ఖాళీ అయిన రెండు బండ్లను ఎదురెదురుగా తెచ్చి, ఎద్దులను కట్టే నొగలు పైకెత్తి నిలబెట్టారు. ఆ నొగలకు నెట్టు కట్టాం. అప్పటికే జనం మూగారు. మిల్లు దగ్గర కాయలు ఒలిచే కూలి ఆడవాళ్లు, బస్తాలు దిగే దాకా పని లేదు గనుక వచ్చి గీతల చుట్టూ కూర్చున్నారు. మగవాళ్లు వాళ్ల వెనక నిలబడాల్సి వచ్చింది. కిటికీల దగ్గర నాకు బాగా తెలిసిన మొహాలన్నీ కనబడ్డాయి. ఒకడు ఈల వేశాడు. అవ్వ సద్దిమూట పక్కన పెట్టి తీరిగ్గా లేచి వాని ఎదురుగా పోయి నిలబడింది.

"ఎవురి కొడుకువప్పా నువ్వు? మీ యమ్మ పేరేంది?"

తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. పెండ్లి సంబంధం అడిగినట్టు అడిగింది. వాడు నేల చూపులు చూస్తూ వెనక్కి జరిగిపోయాడు. ఇంకెవరూ ఈల వేయలేదు. నాలుగు గోడలు కట్టి, కర్ర పట్టుకుని నిలబడి మేం చెయ్యలేనిది ఆమె రెండు ప్రశ్నలతో చేసింది.

ఛైర్మన్ గారి కారు వచ్చి ఆగింది. బండ్లు కదలడం లేదని వ్యాపారులు ఎవరో కబురు పెట్టారు. ఆయన దిగి, ముగ్గు గీతలు చూసి, నెట్టు కట్టిన నొగలు చూసి, కండువా సర్దుకున్నాడు. నన్ను దగ్గరికి పిలిచాడు. "దీనికి జవాబు సెప్పుకోవాల్సొస్తాది టీచరమ్మా" అన్నాడు. చెప్పుకుంటాను సార్, అన్నాను. ఆయన బండ్లను వెనక దారి గుండా తిప్పుకోమని చెప్పి వెళ్లిపోయాడు.

ఆట మొదలైంది. మధ్యాహ్నం బస్సు దాకా ఊరికే కూర్చోవడం ఎందుకని జమ్మలమడుగు వాళ్లూ ఒప్పుకున్నారు గనుక, మొదట వాళ్లతో. మా పిల్లలు బిగుసుకుపోయి ఆడారు, అయినా గెలిచారు. తర్వాత పులివెందులతో. ఆ పిల్లల చేతుల్లో బలం ఉంది. రింగు గాలిలో కోసుకుంటూ వచ్చేది. మావాళ్లు వెనకబడ్డారు. ఒక పులివెందుల పిల్ల విసిరిన రింగు గాలికి పక్కకు కొట్టుకుపోయి, గీత దాటి, కూర్చున్న ఆడవాళ్ల తలల మీదుగా నేరుగా జనంలోకి పోయింది. ఎవరి మొహానికి తగులుతుందోనని అందరూ వంగారు.

జనంలోంచి ఒక చెయ్యి పైకి లేచింది. ఒంటి చెయ్యి. రింగు అందులో పడింది.

అది కంసాలి పిల్ల. వాళ్లమ్మతో కలిసి ఎక్కడి నుంచో వస్తూ, జనాన్ని చూసి ఆగినట్టుంది. మంచి చీర కట్టింది, జడలో పూలున్నాయి, ఎడమచేతిలో గుడ్డతో కట్టిన వెదురుబుట్ట ఉంది. కుడిచేత్తో రింగును పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఊరు ఊరంతా ఆ పిల్లను చూస్తోంది. నేను పిలవలేదు. అది నేను చెప్పాల్సిన మాట కాదు.

వాళ్లమ్మ చుట్టూ చూసింది. గీతల పక్కన కూర్చున్న కూలి ఆడవాళ్లను చూసింది, అవ్వను చూసింది, బీడీలు పట్టుకుని నిలబడిన మగవాళ్లను కూడా ఒకరి తర్వాత ఒకరిని, వాళ్లు చూపు తిప్పుకునే దాకా చూసింది. తర్వాత కూతురి చేతిలోంచి వెదురుబుట్ట తీసుకుని తన చంకలో పెట్టుకుంది.

"పో మే" అంది.

ఆ పిల్ల చీర కుచ్చిళ్లు దోపుకుని గీతల్లోకి వచ్చింది. నలుగురిలో అలిసిపోయిన ఒక పిల్ల పక్కకు తప్పుకుంది. అవతలి టీమును అడిగితే రానీండి అన్నారు. ఆ తర్వాత గెలిచామని రాస్తే మీకు బాగుంటుంది. గెలవలేదు. కల్లంలో ఆడిన చేతులు, నెలల తరబడి ఆట మానేసిన చేతులకంటే గట్టివి. ఓడిపోయాం. కాని ఆ పిల్ల ఒక పాయింటు గెలిచినప్పుడు నోరు తెరిచి కేక పెట్టింది. బయట, ఎండలో, అందరూ వింటుండగా పెట్టింది. దాన్ని ఆపడానికి అక్కడ ఏ గోడా లేదు. నాకు ఏడుపొచ్చింది, రింగులు ఏరుతున్నట్టు వంగి తుడుచుకున్నాను.

షెడ్డు సంగతి కూడా చెప్పాలి. వేరుశనగ గోడౌనుగా కొన్నేళ్లు నడిచింది. ఊక పోయిన ఆ జోడు గోడల సందులో పందికొక్కులు కాపురం పెట్టాయి. ఒక వానాకాలం నేను పెట్టించిన కిటికీల దగ్గరే గోడ పగిలి ఒకవైపు కూలిపోయింది. మిగిలింది వాళ్లే పడగొట్టి అంగళ్లు కట్టారు. సాయిబు తాత అప్పటికే లేడు. ఆ షెడ్డు మళ్లీ ఇప్పించమని నేను ఏనాడూ అడగలేదు. పిల్లలు ఆ తర్వాత మిల్లుల ముందు ఖాళీలో, సెలవు రోజుల్లో సంత మైదానంలో ఆడారు. కంసాలి పిల్ల జిల్లా పోటీలకు పోయింది, వాళ్లమ్మే బస్సెక్కించింది.

ఇక సంజాయిషీ. అది అడుగుతూ వారం లోపలే పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. అప్పటికి కొత్త రాష్ట్రం వచ్చి రాజధాని హైదరాబాదు అయింది గాని, ఆఫీసు కాగితం భాష మాత్రం మారలేదు. "ఎవరి అనుమతితో బాలికలను బహిరంగ స్థలమున ఆడించితిరి? మూడు దినములలో తెలుపవలెను" అని. క్షమించమని నాలుగు ముక్కలు రాసెయ్యమని హితులందరూ చెప్పారు. హెడ్మిస్ట్రెస్ కూడా చెప్పింది, కాని చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు. నేను ఒక్క ముక్కే రాశాను. "వారి తల్లుల అనుమతితో ఆడించితిని."

రాశాక చదువుకుంటే అది పూర్తి నిజం కాదనిపించింది. ఆ రోజు నోరు విప్పి అనుమతి ఇచ్చిన తల్లి ఒక్కతే. అబద్ధం మీద సంతకం పెట్టడం నాకు ఇష్టం లేదు, ఒకసారి పెట్టి చూశాను. అందుకని మిగిలిన రెండు రోజులూ ఆ కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఆడుతున్న పిల్లల ఇళ్లకూ పోయాను, కిటికీల మూలాన మానేసిన పిల్లల ఇళ్లకూ పోయాను. ఇందులో ఏముందో చదివి వినిపించాను. ఇష్టముంటేనే పెట్టండి అన్నాను. కొందరు వాకిట్లోంచే పంపేశారు. కొందరు మగవాళ్లు వచ్చే దాకా ఆగమన్నారు. కొందరు ఆగలేదు, చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి వేలిముద్ర వేశారు. కంసాలి పిల్ల తల్లి వేలిముద్ర వద్దంది, కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని అక్షరం అక్షరం అడుగుతూ పేరు రాసింది. దానికి గంటసేపు పట్టింది, నేను కూర్చున్నాను.

ఆ సంజాయిషీ మీదే నన్ను పులివెందులకు బదిలీ చేశారు. శిక్ష అన్నారు. సంతోషంగా పోయాను. ఆఫీసులో ఆ కాగితం ఫైలుకు తగిలించిన గుమాస్తా చాలా ఏళ్ల తర్వాత కనబడి, అట్లాంటి సంజాయిషీ తన సర్వీసులో చూడలేదమ్మా అన్నాడు. నేను రాసింది నాలుగు మాటలే. కింద వాళ్ల గుర్తులకు చోటు చాలక ఇంకో కాగితం తెచ్చి దారంతో కుట్టాల్సి వచ్చింది.